మచ్చ సంగతి మనమే ముందు చెబుదాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఇప్పటిదాకా పొదుపు లెక్కలు, అప్పుల వసూళ్ళు, బ్యాంకు లింకేజీ వివరాలు విన్నారు. ప్రతి ఏడూ ఈ సమయంలో మేము రక్తహీనత గురించో, గర్భిణుల తనిఖీల గురించో మాట్లాడతాం. ఈ ఏడు వేరే సంగతి ఎత్తుకున్నాం. ఇది సంఘం మీటింగులో ఎవరూ నోరు విప్పి అడగరు. మీటింగ్ అయిపోయి అందరూ లేచాక, గుమ్మం పక్కకి పిలిచి "అక్కా, ఒక్క మాట" అంటారు. అటూ ఇటూ చూసి, కొంగు కాస్త జరిపి, నడుం మీద చూపిస్తారు. తెల్లమచ్చ. బొల్లి.

మందు ఏమిటని కూడా తర్వాతే అడుగుతారు. ముందు అడిగేది ఒకటే: "మా ఆయనకి ఎట్లా చెప్పను?"

దానికి జవాబుగా మేము ముగ్గురం కూర్చుని రాసుకున్న మాటలివి. మాలో ఇద్దరికి బొల్లి ఉంది. మూడో ఆమె భర్తకి సోరియాసిస్. మేము డాక్టర్లం కాదు. ఆసుపత్రిలో తెలుసుకున్నవి కొన్ని, ఇంట్లో దెబ్బ తిని నేర్చుకున్నవి కొన్ని చెబుతాం.

మూడేళ్ళు చీకట్లో

మాలో ఒకామెకి పెళ్ళయిన రెండో ఏట నడుం మీద, లంగా బొందు కట్టే చోట, రూపాయి బిళ్ళంత మచ్చ వచ్చింది. తర్వాత తొడ మీద ఇంకొకటి. ఆమె ఎవరికీ చెప్పలేదు. దీపం ఆర్పితే గానీ పక్క మీదికి వెళ్ళేది కాదు. భర్త చెయ్యి నడుం మీద పడితే తోసేసేది. తెల్లారకముందే లేచి నీళ్ళు పోసుకుని చీర కట్టేసుకునేది. ఇట్లా మూడేళ్ళు.

ఆ మూడేళ్ళలో ఆయన ఏమనుకున్నాడో ఆమెకి తెలియదు. ఒక రోజు ఏదో చిన్న గొడవలో బయటపడింది. "నేనంటే నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు, ఆ సంగతి నాకు తెలుసు" అన్నాడట. తన మచ్చ చూసి ఆయన అసహ్యించుకుంటాడని ఈమె దాచింది. తనంటేనే ఈమెకి అసహ్యమని ఆయన అనుకున్నాడు.

మచ్చ ఎవరినీ ఏమీ చెయ్యలేదు. దాచడమే ఆ కాపురాన్ని అంతదాకా తెచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం, ఇద్దరూ పెరట్లో మిరపకాయలు తొడిమలు తీస్తున్నప్పుడు చెప్పింది. చూపించింది. ఆయన రెండే మాటలు అడిగాడు. "నొప్పి పుడుతుందా?" అని ఒకటి. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని ఇంకొకటి. అంతటితో సినిమాలో లాగా అంతా బాగైపోలేదు. పది రోజులు ముభావంగా ఉన్నాడు. ఆమెకి చెప్పకుండా ఊళ్ళో ఆరెంపీ డాక్టరుని అడిగాడు, ఆయన అంటుకోదన్నా నమ్మలేదు. చివరికి తనే "పద, పెద్దాసుపత్రికి పోదాం, నేనూ వింటా" అన్నాడు. ఆమె ఇప్పుడు దీపం ఆర్పడం మానేసింది.

ముందు మనకి తెలియాలి

మనకే సరిగ్గా తెలియనిది ఇంకొకరికి చెప్పలేం. అందుకని ముందు బొల్లి అంటే ఏమిటో చూద్దాం.

మన చర్మానికి రంగునిచ్చే కణాలు ఉంటాయి. అవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేస్తాయి. రోగాలు రాకుండా మన ఒంట్లో కాపలా కాసే శక్తి ఒకటి ఉంది కదా, అది పొరపాటున ఈ రంగు కణాల మీదే పడి చంపుతుంది. కాపలాకి పెంచుకున్న కుక్క మన కోడినే పట్టినట్టు. ఆ కణాలు పోయిన చోట చర్మం తెల్లబడుతుంది. అంతే. అందులో పురుగు లేదు, క్రిమి లేదు, చీము లేదు. క్రిమే లేనప్పుడు అంటుకోవడానికి ఏముంది?

కాబట్టి బొల్లి ముట్టుకుంటే అంటదు. ఒకే కంచంలో తింటే అంటదు. ఒకే పక్క మీద పడుకుంటే, ఒకే తువ్వాలు వాడితే అంటదు. భార్యాభర్తలు కలిసినందువల్ల అంటదు. తల్లి పాలు తాగిన బిడ్డకి ఆ పాల వల్ల రాదు. ఈ మాట ఇంత విప్పి ఎందుకు చెబుతున్నామంటే, మగవాళ్ళ మనసులో ఉండేది సరిగ్గా ఇదే. పైకి అడగరు.

ప్రపంచంలో 200 మందిని తీసుకుంటే ఒకరి నుంచి నలుగురి దాకా ఈ మచ్చలుంటాయని అంచనా. మగ, ఆడ తేడా లేదు. తెల్లవాళ్ళకీ, నల్లవాళ్ళకీ వస్తుంది. మన రంగు మీద ఎక్కువ కనిపిస్తుంది, అందుకే మనకి బాధ ఎక్కువ. 2011 నుంచి ఏటా జూన్ 25న ప్రపంచ బొల్లి దినం కూడా జరుపుతున్నారు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పాతకాలంలో దీన్ని శ్వేతకుష్ఠం అన్నారు. ఆ పేరు వల్ల ఇదీ కుష్ఠేనని జనం భయపడ్డారు. బొల్లికీ కుష్ఠుకీ ఏ సంబంధమూ లేదు. కుష్ఠు మచ్చ సాధారణంగా పాలిపోయి గానీ ఎర్రగా గానీ ఉంటుంది, అక్కడ స్పర్శ తగ్గిపోతుంది. బొల్లి మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. శోభి మచ్చలు ఇంకో రకం, వాటికి మామూలు పూత మందు సరిపోతుంది. ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. ఆశా కార్యకర్తకి చెప్పి పీహెచ్‌సీకి వెళ్ళండి, అక్కడి నుంచి చర్మ వైద్యుల దగ్గరికి పంపుతారు. ఒకవేళ కుష్ఠే అయినా భయపడక్కర్లేదు, మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటించే గుణమూ త్వరగానే పోతుంది. వాళ్ళనూ వెలివేయనక్కర్లేదు.

మనం చూసుకోవాల్సినవి రెండు ఉన్నాయి. స్టిక్కర్ బొట్టుబిళ్ళల జిగురులోని కొన్ని రసాయనాల వల్ల కొందరికి సరిగ్గా బొట్టు పెట్టే చోటే తెల్లబడుతుంది. రబ్బరు చెప్పుల పట్టీ కింద కూడా అట్లాగే అవుతుంది. అట్లా కనిపిస్తే వెంటనే అవి మానేసి డాక్టరుకి చూపించాలి. బొల్లి ఉన్నవాళ్ళకి ఒరుసుకున్న చోట, గాయమైన చోట కొత్త మచ్చ రావచ్చు. లంగా బొందు బిగించి కట్టకుండా కాస్త వెడల్పు పట్టీ వేయించుకోండి.

ఎట్లా చెప్పాలి

మొదటిది. వేరే వాళ్ళు చెప్పకముందే మనమే చెప్పాలి. ఆడపడుచు చెబితే ఒక రకంగా ఉంటుంది, పొలంలో కూలికి వచ్చినామె చెబితే ఇంకో రకంగా ఉంటుంది. భార్య నోటి వెంట విన్నది వేరు. ముందే చెబితే అది జబ్బు సంగతి. దాచి పట్టుబడితే అది మోసం సంగతి అయిపోతుంది.

రెండోది. చేతిలో ఆసుపత్రి చీటీ ఉన్నాక చెప్పండి. "ఏదో మచ్చ వచ్చింది" అంటే ఆయన మనసు ఎక్కడికో పోతుంది. "డాక్టరుకి చూపించాను, బొల్లి అన్నారు" అంటే మాటకి బలం ఉంటుంది.

మూడోది సమయం. రాత్రి పక్క మీద వద్దు. గొడవ మధ్యలో వద్దు. ఆయన తాగి వచ్చినప్పుడు అసలే వద్దు. అత్తగారి ముందు, పిల్లల ముందు వద్దు. పగటి వెలుతురులో, ఇద్దరూ ఏదో పని చేసుకుంటూ ఉన్నప్పుడు మంచిది. చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా విప్పుకుంటుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన అవసరమూ ఉండదు.

నాలుగోది మాటలు. ఏడుస్తూ మొదలుపెట్టవద్దు. క్షమించమని అడగవద్దు, మనం తప్పు చేయలేదు. మేము మాలో మేము పలికి చూసుకున్న మాటలు ఇవి, మీ యాసలోకి మార్చుకోండి:

"ఏవండీ, మీకొక సంగతి చెప్పాలి. నా నడుం మీద తెల్లమచ్చ వచ్చింది. ఆసుపత్రిలో చూపించుకున్నా. బొల్లి అన్నారు. అది మీకూ అంటదు, పిల్లలకీ అంటదు. ప్రాణానికి ముప్పు లేదు. మందు వాడాలి, చాన్నాళ్ళు పడుతుంది. మీరు చూసి అసహ్యపడతారేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డా. ఈసారి డాక్టరు దగ్గరికి మీరూ రండి. మీకేం అనుమానం ఉన్నా అక్కడే అడుగుదురు గాని."

ఇంతే. ఏం వచ్చిందో చెప్పాం, ఏం కాదో చెప్పాం, మన మనసులో ఏముందో చెప్పాం, ఆయన ఏం చేయాలో అడిగాం. ఈ నాలుగూ ఉంటే చాలు.

అయిదోది. చెప్పాక ఆగండి. అప్పటికప్పుడు "పర్వాలేదులే" అనాలని ఎదురుచూడకండి. మనకి ఆ మచ్చతో సర్దుకోవడానికి నెలలు పట్టింది కదా. ఆయనకి కొన్నాళ్ళు టైమివ్వండి. చూస్తానంటే చూపించండి, ముట్టుకుంటానంటే ముట్టుకోనివ్వండి. ఇష్టం లేని రోజు "ఇవాళ వద్దు" అనే హక్కు మాత్రం మనది. మచ్చ ఉంది కాబట్టి అన్నిటికీ తల ఊపాలని ఎక్కడా లేదు.

ఆయన అడిగేవి

"అంటుకోదని నీకెట్లా తెలుసు?" అంటారు. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, మీకు వచ్చిందా అని అడగండి. అప్పటికీ నమ్మకపోతే డాక్టరు నోటితో వినిపించండి. మన మాట కన్నా ఆ కోటు మాట తొందరగా ఎక్కుతుంది. బాధగానే ఉన్నా పని జరుగుతుంది.

"పిల్లలకి వస్తుందా?" ఇది న్యాయమైన ప్రశ్న. వంశంలో ఉంటే అవకాశం కాస్త ఎక్కువ, లేదని చెప్పవద్దు. కానీ బొల్లి ఉన్నవాళ్ళ పిల్లల్లో చాలా ఎక్కువమందికి రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇక్కడ అబద్ధం ఆడితే మిగతా నిజాలు కూడా నమ్మరు.

"చేపలు తిని పాలు తాగావా?" ఇది అత్తగారు అడగమంటే అడిగే ప్రశ్న. చేపలకీ పాలకీ బొల్లికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. పాపం వల్ల, నాగదోషం వల్ల అన్నవీ అంతే.

"తగ్గుతుందా?" కొందరికి బాగా రంగు వస్తుంది, కొందరికి కొంత వస్తుంది, కొందరికి పెరగకుండా ఆగుతుంది. పూత మందులున్నాయి. వారానికి రెండు మూడు సార్లు నెలల తరబడి ఇచ్చే లైటు చికిత్స ఉంది. మచ్చలు చాలా కాలం కదలకుండా ఉంటే చర్మం మార్పిడి కూడా చేస్తారు. మొహం మీదివి తొందరగా వింటాయి, వేళ్ళ చివర్లు, పాదాలు మొండివి. కొందరికి థైరాయిడ్ కూడా ఉంటుంది కాబట్టి ఆ రక్త పరీక్ష గురించి డాక్టరుని అడగండి. తెల్లబడ్డ చోట ఎండకి తొందరగా కమిలిపోతుంది, పొలానికి వెళ్ళేటప్పుడు కప్పుకోండి.

బస్టాండు గోడల మీద "గ్యారంటీగా మాయం" అని కాగితాలు అంటిస్తారు చూడండి, వాటి జోలికి పోవద్దు. మాలో రెండో ఆమె సంఘంలో తీసుకున్న అప్పులోంచి అట్లాంటి మందుకే డబ్బు పెట్టింది. చర్మం కాలి పుండు పడింది. పుండు మానినా కిస్తీ మానలేదు. గేదె కోసమని అప్పు రాయించుకుని మందుకి వాడానని గ్రూపులో చెప్పలేక ఆమె పడ్డ సిగ్గు ఇంకో కథ.

అన్ని ఇళ్ళూ ఒకటి కాదు

చెబితే అంతా చల్లబడుతుందని మేము మాట ఇవ్వలేం. పక్క ఊరి సంఘంలో ఒక చెల్లెలు ఇట్లాగే చెప్పింది. భర్త మర్నాడే పుట్టింటికి పంపేశాడు. గ్రామ సంఘం వాళ్ళు నాలుగుసార్లు ఆ ఇంటి గుమ్మం ఎక్కారు. చివరికి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరు ముందు కూర్చోబెట్టారు. ఆమె తిరిగి కాపురానికి వచ్చింది. అయినా అత్తగారు ఇప్పటికీ ఆమె గ్లాసు విడిగానే పెడుతుంది. సగం గెలిచాం, సగం మిగిలింది.

మచ్చ వచ్చిందని విడాకులిస్తామని బెదిరించేవాళ్ళు ఉన్నారు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాల జాబితా ఉంది. అందులో బొల్లి లేదు. ఒకప్పుడు కుష్ఠు ఉండేది, 2019లో దాన్ని కూడా తీసేశారు. కొట్టినా, తిండి పెట్టకపోయినా, ఇంట్లోంచి గెంటినా 2005 నాటి గృహహింస చట్టం ఉంది. 181కి ఫోన్ చేయవచ్చు. ముందుగా గ్రూపులో చెప్పండి. చెప్పే రోజు ఏమవుతుందోనని భయం ఉంటే, ఆ రోజు పక్కింట్లో ఉండమని ఒక అక్కని ముందే అడిగి పెట్టుకోండి.

పెళ్ళి కావాల్సిన ఆడపిల్లల తల్లులకి ఒక మాట. మచ్చ దాచి పెళ్ళి చేస్తే ఆ భయం అంతా పిల్ల ఒక్కతే మొయ్యాలి, మొదటి రాత్రి నుంచే. సంబంధాలు కొన్ని తప్పిపోతాయి, నిజమే. తెలిసి వచ్చినవాడు మాత్రం తెలిసే వస్తాడు. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో అమ్మాయిని అడిగి చెప్పండి. అది ఆ పిల్ల ఒళ్ళు.

మనవైపు తప్పు

మాలో మూడో ఆమె సంగతి చెప్పకుండా ముగిస్తే ఈ మాటలు అన్యాయం అవుతాయి. ఆమె భర్తకి మోచేతుల మీద, వీపు మీద పొట్టు పొట్టుగా రాలే మచ్చలు వచ్చాయి. పొద్దున లేస్తే దుప్పటి నిండా పొట్టు. అది సోరియాసిస్. అదీ లోపలి కాపలా శక్తి తప్పటడుగే, అదీ అంటుకోదు. ఈమెకి అప్పుడు తెలియదు. అడగను కూడా అడగలేదు. కంచం వేరు చేసింది, తువ్వాలు వేరు చేసింది, పిల్లల్ని తీసుకుని పక్క మార్చేసింది. ఆయన ఒక్క మాట అనలేదు. చొక్కా చేతులు కిందికి దించుకుని వరండాలో పడుకోవడం మొదలుపెట్టాడు. రెండేళ్ళ తర్వాత ఆశా ట్రైనింగులో విన్న చుట్టపు పిల్ల చెబితే ఈమెకి తెలిసింది. ఆ రాత్రి ఆయన మంచం లోపలికి తెచ్చి వేసింది. "ఎందుకిప్పుడు?" అన్నాడట. దానికి జవాబు ఇవ్వడం చాలా కష్టమైందని ఆమె ఈ రోజుకీ అంటుంది.

చెప్పే ధైర్యం ఒకరికి కావాలి. వినే ఓర్పు రెండోవారికి కావాలి. ఏ రోజు ఎవరిది ఏ వంతో తెలియదు.

చివరగా మన గ్రూపుల గురించి. బొల్లి ఉన్న సభ్యురాలు టీ అందిస్తే "ఇప్పుడే తాగి వచ్చా" అన్నవాళ్ళు మనలో ఉన్నారు. చాప చివర కూర్చోబెట్టినవాళ్ళం ఉన్నాం. ఆమె కట్టిన పొదుపు డబ్బు మాత్రం లెక్కపెట్టి తీసుకున్నాం. మన గ్రూపులోనే చోటు ఇవ్వకుండా ఆమె మొగుడు చోటివ్వాలని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

అందుకని ఆరోగ్య ఉపసంఘం తరఫున రెండు ప్రతిపాదనలు పెడుతున్నాం. ప్రతి గ్రామ సంఘం ఏడాదికి ఒక మీటింగులో చర్మం సంగతులు చర్చకు పెట్టాలి, వీలైతే ఆ రోజు భర్తల్ని కూడా పిలవాలి. ఆసుపత్రికి భర్తతో వెళ్ళడానికి జంకే సభ్యురాలికి గ్రూపు నుంచి ఒకరు తోడు వెళ్ళాలి. రెండింటికీ పెద్ద ఖర్చు లేదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.

మీటింగ్ అయ్యాక మేము గుమ్మం దగ్గరే ఉంటాం. ఒక్క మాట అడగాలనుకున్నవాళ్ళు రండి.